చిన్న సబ్‌యూనిట్ పని ఏమిటో తేల్చడం ఎలా: మ్యుటెంట్ ఎంపిక నుంచి ఫలితం రాసేదాకా

"మ్యుటెంట్ మొక్క పాలిపోయింది. బ్లాట్‌లో 4 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ లేదు. ఇక ఈ ప్రొటీన్ కిరణజన్య సంయోగక్రియకు అవసరమని రాసేయొచ్చా?" ఈ ప్రశ్న రకరకాల మాటల్లో నాకు వస్తూనే ఉంటుంది. మ్యుటెంట్ అంటే ఆ ప్రొటీన్ జన్యువును చెడగొట్టిన మొక్క. బ్లాట్ అంటే యాంటీబాడీతో ప్రొటీన్‌ను వెతికే పరీక్ష. కిరణజన్య సంయోగక్రియను నడిపేవి కాంప్లెక్సులు, ఒక్కోటి సబ్‌యూనిట్లనే ప్రొటీన్ ముక్కలు చాలా కలిసి ఏర్పడుతుంది. వాటిలో చిన్నదాని గురించే ఈ ప్రశ్న. రాయొద్దనే చెబుతాను. ఆ వాక్యం తప్పని కాదు, దాంట్లో సమాచారం లేదని.

పెద్ద సబ్‌యూనిట్లు పత్రహరితాన్నీ లోహాలనీ పట్టుకుని అసలు రసాయనం నడిపిస్తాయి. చిన్నవాటిలో ఎక్కువ భాగం అలాంటివి కావు. ఒకే ఒక్క హెలిక్స్‌తో (మెలి తిరిగిన ప్రొటీన్ గొలుసుతో) పొరలో నిలబడి, కాంప్లెక్స్ అంచునో, రెండు ముక్కల అతుకు దగ్గరో ఉంటాయి. అలాంటిదాన్ని తీసేస్తే జరిగేది మూడింటిలో ఒకటి. కాంప్లెక్స్ కూడుకోదు. లేదా కూడుకున్నా నిలవదు. లేదా నిలిచినా సరిగా పనిచేయదు. బయటికి మూడూ ఒకేలా కనిపిస్తాయి, పాలిపోయిన ఆకులా. ఈ మూడింటినీ విడదీయడమే మన పనంతా. కింది వరుస దానికోసమే. వరుస మార్చకండి, ముఖ్యంగా ఆకు మీద కొలతలు పూర్తికాకుండా ఆకు నూరకండి.

## 1. చేతిలో ఉన్నది ఏదో ముందు తెలుసుకోండి

మూడు విషయాలు నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి: ఏ కాంప్లెక్స్, జన్యువు ఎక్కడుంది (హరితరేణువులోనా, కేంద్రకంలోనా), పరిపక్వ ప్రొటీన్ ఎన్ని అమైనో ఆమ్లాలు.

ఫొటోసిస్టమ్-2. కాంతితో నీటిని చీల్చే కాంప్లెక్స్ ఇది. చిన్నవాళ్ల గుంపు ఎక్కువగా ఇక్కడే ఉంది. పీఎస్‌బీ-ఈ (సుమారు 9 కిలోడాల్టన్లు), పీఎస్‌బీ-ఎఫ్ (సుమారు 4) కలిసి సైటోక్రోమ్ బీ559 అవుతాయి. ఇవి హీమ్‌ని పట్టుకుంటాయి కాబట్టి పైన చెప్పిన "ఎక్కువ భాగం"లోకి రావు. పీఎస్‌బీ-హెచ్, ఐ, జే, కే, ఎల్, ఎం, టీ, జెడ్ కూడా హరితరేణువు జన్యువుల నుంచే వస్తాయి. పీఎస్‌బీ-డబ్ల్యూ, ఎక్స్, ఆర్ మాత్రం కేంద్రకం నుంచి.

సైటోక్రోమ్ బీ6ఎఫ్. రెండు ఫొటోసిస్టమ్‌ల మధ్య ఎలక్ట్రాన్లు అందించే కాంప్లెక్స్ ఇది. నాలుగు పెద్దవి, నాలుగు బుల్లివి. బుల్లివి పెట్-జీ, ఎల్, ఎం, ఎన్. ఒక్కోటి 3–4 కిలోడాల్టన్లే. పెట్-ఎన్ అయితే 29 అమైనో ఆమ్లాలతో సరిపెట్టుకుంటుంది. మొక్కల్లో పెట్-ఎం ఒక్కదాని జన్యువే కేంద్రకంలో ఉంటుంది.

ఫొటోసిస్టమ్-1. పీఎస్ఏ-సీ (9 కిలోడాల్టన్లు) రెండు ఇనుము–గంధకం గుచ్ఛాలను పట్టుకుంటుంది. అది రసాయనంలో నేరుగా పాల్గొనేది, "చిన్నది కదా" అని మిగతావాటితో కలపకండి. పీఎస్ఏ-ఐ, జే ఒక్కో హెలిక్స్ ఉన్నవి. పీఎస్ఏ-ఎఫ్ ప్లాస్టోసయనిన్ (ఎలక్ట్రాన్లు తెచ్చే ప్రొటీన్) వచ్చి ఆనే చోటు. పీఎస్ఏ-హెచ్ లేకపోతే కాంతిగ్రాహక ప్రొటీన్లు ఫొటోసిస్టమ్-1 వైపు జరగడం, అంటే స్టేట్ ట్రాన్సిషన్, ఆగిపోతుంది.

రుబిస్కో చిన్న సబ్‌యూనిట్. సుమారు 15 కిలోడాల్టన్లు. ఎనిమిది పెద్దవి, ఎనిమిది చిన్నవి కలిసి సుమారు 550 కిలోడాల్టన్ల ఎంజైమ్. ఇది నీళ్లలో కరిగే ప్రొటీన్, పొరలో ఉండదు. థైలకాయిడ్ (హరితరేణువు లోపలి పొర) కడిగినప్పుడు పై ద్రవంలో, అంటే సూపర్నేటెంట్‌లో పోయేది ఇదే. మీ ప్రశ్న రుబిస్కో గురించైతే 5, 7 మెట్లు మీకు అక్కర్లేదు, మిగతావి పనికొస్తాయి.

పేర్ల దగ్గర చాలామంది బోల్తా పడతారు. పీఎస్‌బీ-ఎస్ చిన్న సబ్‌యూనిట్ కాదు, అది 22 కిలోడాల్టన్లది, అదనపు కాంతిని వేడిగా వదిలించే పనిలో ఉంటుంది. పీఎస్‌బీ-టీ పేరుతో రెండున్నాయి, ఒకటి హరితరేణువుది, ఒకటి కేంద్రకానిది. అన్నిటికన్నా పెద్ద బోల్తా పీఎస్‌బీ-ఎన్. పేరు చూసి దాన్ని ఫొటోసిస్టమ్-2 సబ్‌యూనిట్‌గా లెక్కేసేవారు. తర్వాత తేలిందేమిటంటే అది కాంప్లెక్స్‌లో భాగమే కాదు, కాంప్లెక్స్ కూడుకోవడానికి సాయపడి పక్కకు తప్పుకునే ప్రొటీన్. మీ చేతిలో ఉన్నదీ అలాంటిదేనేమో అన్న అనుమానం చివరిదాకా ఉంచుకోండి.

## 2. మ్యుటెంట్ సరైనదేనా

జన్యువు కేంద్రకంలో ఉంటే ప్రయోగాల మొక్క అరబిడాప్సిస్‌లో టీ-డీఎన్ఏ లైను (పరాయి డీఎన్ఏ జన్యువులోకి చొచ్చిన మొక్కల సంతతి) వెతకొచ్చు. అయితే చిన్న జన్యువు చిన్న గురి. కోడింగ్ భాగంలో చొప్పింపు దొరక్కపోవచ్చు. ప్రమోటర్‌లో చొప్పింపు ఉన్న లైనుతో సరిపెట్టుకుంటే ప్రొటీన్ కొంత మిగిలే ఉంటుంది. క్రిస్పర్‌తో మొదలుపెట్టడమే మేలు. జతలు కూడా చూసుకోండి. అరబిడాప్సిస్‌లో పీఎస్ఏ-డీ, ఈ, హెచ్‌లకు రెండేసి జన్యువులు, రుబిస్కో చిన్న సబ్‌యూనిట్‌కు నాలుగు. ఒకటి తీసి "తేడా ఏమీ లేదు" అంటే రెండోది నవ్వుకుంటుంది.

జన్యువు హరితరేణువులో ఉంటే సాధారణంగా పొగాకే. జీన్ గన్‌తో డీఎన్ఏ పంపి, స్పెక్టినోమైసిన్ (యాంటీబయాటిక్) మీద ఎంచుకుంటారు. అసలు కష్టం అక్కడినుంచి మొదలవుతుంది. ఒక్కో కణంలో హరితరేణువు జన్యుపటం వేల ప్రతుల్లో ఉంటుంది. అన్నీ మారేదాకా మళ్లీ మళ్లీ రీజనరేషన్ చేయించాలి. పాత ప్రతులు కొన్ని మిగిలినా ప్రొటీన్ కొద్దిగా వస్తూనే ఉంటుంది. అప్పుడు మీరు చూసేది పూర్తి మ్యుటెంట్‌ని కాదు.

పీసీఆర్‌లో వైల్డ్ టైప్ (జన్యువు మార్చని మామూలు మొక్క) బ్యాండ్ సన్నగా కనబడితే కంగారు పడకండి. హరితరేణువు డీఎన్ఏ ముక్కలు కేంద్రకంలోకి ఎప్పుడో చేరి ఉంటాయి, వాటివల్లా ఆ బ్యాండ్ వస్తుంది. సదరన్ బ్లాట్ (డీఎన్ఏను వెతికే పరీక్ష), స్పెక్టినోమైసిన్ మీద గింజల పరీక్ష రెండూ చేసి తేల్చుకోండి. మొలకలన్నీ పచ్చగా ఉండాలి. ప్రొటీన్ లేకపోవడంవల్లే మొలకలు పాలిపోయే లైనుల్లో ఈ గింజల పరీక్ష పనికిరాదు, సదరన్ బ్లాటే దిక్కు.

ఆపరాన్ గొడవ ఇంకోటి. పీఎస్‌బీ-ఈ, ఎఫ్, ఎల్, జే నాలుగూ ఒకే ఆర్ఎన్ఏ మీద వస్తాయి. ఎల్‌ని చెడగొట్టబోయి జే అనువాదాన్ని దెబ్బతీస్తే ఫలితం ఎవరిదో చెప్పలేరు. పీఎస్‌బీ-ఎన్ జన్యువు పీఎస్‌బీ-టీ, హెచ్‌ల మధ్య ఎదురు తంతువు మీద ఉంది. అక్కడ కత్తెర పెట్టేముందు రెండు తంతువులూ చదవండి.

పొగాకు పీఎస్‌బీ-ఎల్ జన్యువును డీఎన్ఏలో చదివితే ప్రారంభ కోడాన్ ఏసీజీగా కనిపిస్తుంది. సీక్వెన్సింగ్ తప్పు కాదది. ఆర్ఎన్ఏ ఎడిటింగ్ తర్వాత ఏయూజీ అవుతుంది. సరిచేసే కన్‌స్ట్రక్ట్ గీసేటప్పుడు ఈ సంగతి మరిచిపోతే ఆరు నెలలు పోతాయి.

చూసుకోవాల్సినవి:

- పాత ప్రతులు మిగల్లేదని సదరన్ బ్లాట్ రుజువు
- కనీసం రెండు స్వతంత్ర లైనులు
- పక్క జన్యువుల ఆర్ఎన్ఏ నార్తర్న్ బ్లాట్
- మార్కర్ జన్యువు మాత్రమే పెట్టిన కంట్రోల్ మొక్క (దీన్ని చాలామంది వదిలేస్తారు)

## 3. మొక్కల్ని పెంచడం

తేలిక పని అనిపిస్తుంది కానీ సగం తేడాలు ఇక్కడే పుడతాయి.

ఫొటోసిస్టమ్-2 పూర్తిగా పోయిన మొక్క మట్టిలో బతకదు. 3 శాతం సుక్రోజ్ ఉన్న మీడియం మీద, తక్కువ కాంతిలో పెంచాలి. అలాంటప్పుడు వైల్డ్ టైప్‌ను కూడా అదే సుక్రోజ్ మీద, అదే కాంతిలో పెంచండి. మట్టిలో పెరిగిన వైల్డ్ టైప్‌ను, గాజు పాత్రలో పెరిగిన మ్యుటెంట్‌ను పక్కపక్కన పెట్టి పోల్చిన గ్రాఫులు చూశాను. ఆ గ్రాఫులు సుక్రోజ్ గురించి చెబుతాయి, ప్రొటీన్ గురించి కాదు.

ఆకు వయసును నోట్ చేయండి. "మూడో ఆకు" అని కాదు, పై నుంచి ఎన్నోది, విచ్చుకుని ఎన్ని రోజులైంది అని. దీనికి మంచి ఉదాహరణ పెట్-ఎల్. పొగాకులో పెట్-జీ, పెట్-ఎన్ తీసేస్తే సైటోక్రోమ్ కాంప్లెక్స్ నిలవనే నిలవదు. పెట్-ఎల్ తీసేస్తే మొక్క పెరుగుతుంది. లేత ఆకుల్లో కాంప్లెక్స్ దాదాపు మామూలుగానే ఉంటుంది. ఆకు ముదిరేకొద్దీ వైల్డ్ టైప్ కన్నా వేగంగా తరిగిపోతుంది. లేత ఆకు ఒక్కటే కొలిచినవాళ్లు "పెట్-ఎల్‌తో పని లేదు" అనీ, ముదురాకు ఒక్కటే కొలిచినవాళ్లు "పెట్-ఎల్ లేకపోతే కాంప్లెక్స్ తయారవదు" అనీ రాస్తారు. ఇద్దరూ పొరబడ్డట్టే. కనీసం రెండు వయసుల ఆకులు తీసుకోండి, వీలైతే నాలుగు.

## 4. నూరేముందు ఆకు మీద కొలతలు

ఆకును 20–30 నిమిషాలు చీకట్లో ఉంచి ఎఫ్‌వీ/ఎఫ్‌ఎం తీయండి. ఆకు తిరిగి వెదజల్లే వెలుగు (ఫ్లోరోసెన్స్) నుంచి ఫొటోసిస్టమ్-2 సామర్థ్యం చెప్పే నిష్పత్తి ఇది. ఆరోగ్యంగా ఉన్న మొక్కల్లో ఇది 0.83 దగ్గర ఉంటుంది. మీ వైల్డ్ టైపే 0.75 చూపిస్తుంటే మ్యుటెంట్ జోలికి పోకుండా ముందు మొక్కల్ని బాగుచేసుకోండి.

నిష్పత్తి ఒక్కటే రాసి వదిలేయకండి. ఎఫ్‌0, ఎఫ్‌ఎం (చీకట్లో ఉంచిన ఆకు కనిష్ఠ, గరిష్ఠ ఫ్లోరోసెన్స్; ఎఫ్‌వీ ఆ రెండింటి తేడా) విడివిడిగా రాయండి. నిష్పత్తి పడిపోవడం ఎఫ్‌0 పెరగడంవల్ల కావచ్చు, ఎఫ్‌ఎం తగ్గడంవల్ల కావచ్చు. ఎఫ్‌0 బాగా పెరిగిందంటే, శక్తిని అప్పగించడానికి రియాక్షన్ సెంటర్ (కాంతి శక్తితో ఎలక్ట్రాన్‌ను కదిలించే నడిబొడ్డు) లేక కాంతిగ్రాహక ప్రొటీన్లు విడిగా వెలుగుతున్నాయేమో అనుమానించాలి.

తర్వాత మామూలు కాంతి వేసి ఫ్లోరోసెన్స్ గీత ఎలా నడుస్తుందో చూడండి. దాంతోపాటే 820–830 నానోమీటర్ల దగ్గర పీ700 (ఫొటోసిస్టమ్-1 రియాక్షన్ సెంటర్‌లోని పత్రహరితం) సంకేతం తీయండి. రెండూ కలిపి చదివితే ఏ కాంప్లెక్స్ దెబ్బతిందో చాలావరకు ఆకు మీదే తెలిసిపోతుంది:

- ఫొటోసిస్టమ్-2 లోపం: ఎఫ్‌వీ/ఎఫ్‌ఎం బాగా పడిపోతుంది. పీ700 గరిష్ఠ సంకేతం ఉంటుంది.
- సైటోక్రోమ్ బీ6ఎఫ్ లోపం: కాంతి వేయగానే ఫ్లోరోసెన్స్ పైకెళ్లి దిగదు, ఎందుకంటే ప్లాస్టోక్వినోన్ (ఫొటోసిస్టమ్-2 నుంచి ఎలక్ట్రాన్లు మోసే అణువు) నుంచి ఎలక్ట్రాన్లు ముందుకు పోవు. పీ700 మాత్రం కాంతిలో ఆక్సీకరణ చెంది అలాగే ఉండిపోతుంది, దానికి ఎలక్ట్రాన్లు చేరవు కాబట్టి.
- ఫొటోసిస్టమ్-1 లోపం: ఫ్లోరోసెన్స్ ఇక్కడా దిగదు. కానీ ఫార్-రెడ్ కాంతిలో పీ700 గరిష్ఠ సంకేతమే చిన్నదైపోతుంది.

చివరి రెండింటినీ ఫ్లోరోసెన్స్ ఒక్కదాంతో విడదీయలేరు. పీ700 కొలిచే పరికరం మీ దగ్గర లేకపోతే ఉన్నచోటికి మొక్కలు తీసుకెళ్లండి, ఈ మెట్టు దాటవేయకండి.

ద్రవ నైట్రోజన్ దొరికితే 77 కెల్విన్ ఫ్లోరోసెన్స్ కూడా తీయండి. మొక్కల థైలకాయిడ్‌లో 685, 695 నానోమీటర్ల దగ్గరి శిఖరాలు ఫొటోసిస్టమ్-2వి, 735 చుట్టుపక్కలది ఫొటోసిస్టమ్-1ది. నమూనా చిక్కగా ఉంటే 685 శిఖరాన్ని పత్రహరితమే తిరిగి మింగేస్తుంది. పలుచన చేసి తీయాలి.

## 5. థైలకాయిడ్ తీయడం, పత్రహరితం కొలవడం

కావాల్సిన బఫర్లు ముందురోజే చేసి 4 డిగ్రీల దగ్గర పెట్టండి. ఆస్కార్బేట్ మాత్రం అప్పటికప్పుడు కలపాలి.

- నూరే బఫర్: 330 మిల్లీమోలార్ సార్బిటాల్, 50 మిల్లీమోలార్ హెపీస్-కేఓహెచ్ (పీహెచ్ 7.5), 5 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్, 10 మిల్లీమోలార్ సోడియం ఫ్లోరైడ్, 5 మిల్లీమోలార్ ఆస్కార్బేట్
- పగలగొట్టే బఫర్: సార్బిటాల్ 5 మిల్లీమోలార్‌కు తగ్గించి, ఆస్కార్బేట్ తీసేసి, మిగతావి అవే
- నిల్వ బఫర్: సార్బిటాల్ 100, మెగ్నీషియం క్లోరైడ్ 10 మిల్లీమోలార్, హెపీస్, ఫ్లోరైడ్ అంతే

ఫ్లోరైడ్ ఎందుకంటే ఫాస్ఫేట్లు ఊడిపోకుండా. పీఎస్‌బీ-హెచ్ లాంటివి ఫాస్ఫేట్ పట్టుకునే ప్రొటీన్లు. ఫాస్ఫేట్ స్థితి మీ ప్రశ్నలో లేకపోయినా ఫ్లోరైడ్ ఉంచండి, తర్వాత ఎవరైనా అడిగితే మళ్లీ మొక్కలు పెంచనక్కర్లేదు.

వరుస:

1. చల్లటి గదిలో, మసక పచ్చ లైటు కింద ఆకును కొద్దిసేపే నూరండి. ఎక్కువ నూరితే ప్రొటియేజులకు విందు.
2. మిరాక్లాత్‌తో వడగట్టండి. పిండకండి.
3. 5,000 జీ దగ్గర 4 నిమిషాలు, 4 డిగ్రీల్లో స్పిన్ చేయండి.
4. పెల్లెట్‌ను మెత్తటి కుంచెతో పగలగొట్టే బఫర్‌లో కలిపి, మళ్లీ అంతే స్పిన్ చేయండి. రుబిస్కో ఇక్కడ వెళ్లిపోతుంది.
5. నిల్వ బఫర్‌లో ఒకసారి కడిగి, తక్కువ పరిమాణంలో కలపండి. చిన్న భాగాలుగా చేసి ద్రవ నైట్రోజన్‌లో ముంచి −80 డిగ్రీల్లో పెట్టండి. ఒకసారి కరిగించిన ట్యూబును మళ్లీ గడ్డకట్టించి వాడొద్దు.

పత్రహరితం కొలవడానికి 5 మైక్రోలీటర్ల థైలకాయిడ్‌ను 995 మైక్రోలీటర్ల 80 శాతం అసిటోన్‌లో కలిపి, స్పిన్ చేసి, 663.6, 646.6, 750 నానోమీటర్ల దగ్గర చదవండి. 750 విలువను మొదటి రెండింటిలోంచి తీసేయండి. మిల్లీలీటరుకు మైక్రోగ్రాముల్లో:

- పత్రహరితం ఎ = 12.25 × (663.6 విలువ) − 2.55 × (646.6 విలువ)
- పత్రహరితం బి = 20.31 × (646.6 విలువ) − 4.91 × (663.6 విలువ)

ఒక లెక్క వేసి చూద్దాం. 663.6 దగ్గర 0.60, 646.6 దగ్గర 0.25 వచ్చాయనుకోండి. ఎ = 6.71, బి = 2.13, మొత్తం 8.84. పలుచన 200 రెట్లు కాబట్టి అసలు నమూనాలో మిల్లీలీటరుకు 1.77 మిల్లీగ్రాములు. ఎ/బి నిష్పత్తి 3.15. ఈ నిష్పత్తిని పారేయకండి. రియాక్షన్ సెంటర్లలో పత్రహరితం ఎ మాత్రమే ఉంటుంది, బి అంతా కాంతిగ్రాహక ప్రొటీన్లలో. మ్యుటెంట్‌లో నిష్పత్తి పడిపోయిందంటే రియాక్షన్ సెంటర్లు తగ్గాయనడానికి తొలి సూచన.

ఇక్కడే ఒక ఉచ్చుంది. పత్రహరితం సమానంగా ఉండేలా జెల్‌లో వేస్తే, పత్రహరితమే తగ్గిపోయిన మ్యుటెంట్‌కు ఎక్కువ ఆకు వేసినట్టవుతుంది. లోటు కప్పబడిపోతుంది. అందుకే ఒక జెల్ పత్రహరితం సమానంగా, ఇంకో జెల్ ఆకు వైశాల్యం సమానంగా. రెండింటిలోనూ వైల్డ్ టైప్‌ను 100, 50, 25, 12.5 శాతంగా పలుచన చేసి పక్కన వేయాలి. ఆ మెట్ల వరుస లేని జెల్ మీద "తగ్గింది" అనొచ్చు గానీ ఎంత తగ్గిందో అనలేరు.

## 6. నాలుగు కిలోడాల్టన్ల బ్యాండ్‌ను పట్టుకోవడం

మామూలు గ్లైసిన్ జెల్ వదిలేయండి. దాంట్లో 10 కిలోడాల్టన్ల కిందివన్నీ ఎస్‌డీఎస్ (ప్రొటీన్లను విప్పే డిటర్జెంట్) అంచుతో కలిసి ముద్దగా పోతాయి. ట్రైసిన్ జెల్ వాడాలి.

- వేరుచేసే జెల్: మొత్తం 16.5 శాతం యాక్రిలమైడ్, అందులో 6 శాతం క్రాస్‌లింకర్, 6 మోలార్ యూరియా
- జెల్ బఫర్: 3 మోలార్ ట్రిస్, 0.3 శాతం ఎస్‌డీఎస్, పీహెచ్ 8.45
- కింది ట్యాంకు: 0.2 మోలార్ ట్రిస్, పీహెచ్ 8.9
- పై ట్యాంకు: 0.1 మోలార్ ట్రిస్, 0.1 మోలార్ ట్రైసిన్, 0.1 శాతం ఎస్‌డీఎస్ (పీహెచ్ 8.25 దగ్గర దానంతటదే ఉంటుంది, సర్దకండి)

నమూనాను మరిగించొద్దు. పొర ప్రొటీన్లు మరిగిస్తే ముద్దకట్టి బావిలోనే ఉండిపోతాయి. 40 డిగ్రీల్లో అరగంట చాలు. మొదట 30 వోల్టుల దగ్గర నమూనా మొత్తం జెల్‌లోకి దిగేదాకా ఆగండి, తర్వాత మెల్లగా పెంచండి. ఓపిక లేనివాళ్లకు ఈ జెల్ రాదు.

పచ్చటి మరక ఒకటి జెల్ కింది అంచున పరుచుకుంటుంది. అది విడిపడిన పత్రహరితం. దాన్ని వదిలించుకోవాలని నమూనాను అసిటోన్‌తో కడగాలనిపిస్తుంది. జాగ్రత్త. నూనెలా ప్రవర్తించే ఈ చిన్న ప్రొటీన్లలో కొన్ని ద్రావకంతోపాటే జారిపోవచ్చు. కడిగితే, కడిగిన ద్రావకాన్ని కూడా ఆరబెట్టి ఒక వరుసలో వేసి చూడండి.

బ్లాటింగ్‌కు 0.2 మైక్రోమీటర్ల పీవీడీఎఫ్ మెంబ్రేన్ వాడండి, తక్కువ సమయం ట్రాన్స్‌ఫర్ చేయండి, వెనక రెండో మెంబ్రేన్ పెట్టండి. ఈ రెండో మెంబ్రేన్ అలవాటు నాకు ఊరికే రాలేదు. ఒకసారి 0.45 మెంబ్రేన్ మీద రాత్రంతా ట్రాన్స్‌ఫర్ పెట్టి ఇంటికెళ్లాను. పొద్దున మ్యుటెంట్ వరుస ఖాళీ. సంబరపడ్డాను. ఆ సంబరంలో వైల్డ్ టైప్ వరుస కూడా దాదాపు ఖాళీగా ఉందన్నది చూడనేలేదు. ఒక సన్నటి బూడిదరంగు గీత ఉంటే "యాంటీబాడీ బలహీనం" అని సర్దిచెప్పుకున్నాను. రెండు వారాల తర్వాత వెనకున్న ఫిల్టర్ పేపర్‌కే యాంటీబాడీ వేసి చూస్తే ప్రొటీనంతా అక్కడుంది.

రంగు వేయడంలోనూ ఇదే కథ. ఫిక్స్ సరిగా కాకపోతే చిన్న ప్రొటీన్లు రంగు ద్రావణంలోకి కారిపోతాయి. రాత్రంతా డీస్టెయిన్ చేసే అలవాటు ఈ జెల్‌కు పనికిరాదు.

యాంటీబాడీ లేకపోతే మాస్ స్పెక్ట్రోమెట్రీ. అయితే ట్రిప్సిన్ లైసిన్, ఆర్జినిన్ తర్వాతే కోస్తుంది. 38 అమైనో ఆమ్లాల పీఎస్‌బీ-ఎల్ లాంటిదాంట్లో హెలిక్స్ భాగంలో అవి ఉండవు. పెప్టైడ్లు దొరక్కపోతే ప్రొటీన్ లేదని కాదు. కైమోట్రిప్సిన్ ప్రయత్నించండి, లేదా కోయకుండా ప్రొటీన్ మొత్తం భారం కొలవండి. మొత్తం కొలిచినప్పుడు లెక్కకన్నా 28 డాల్టన్లు ఎక్కువొస్తే మొదటి మెథియోనిన్ మీద ఫార్మిల్ గుంపు మిగిలిపోయిందేమో చూడండి. హరితరేణువులో తయారైన చిన్న సబ్‌యూనిట్లలో అది మామూలే.

## 7. కాంప్లెక్సులు నిలిచి ఉన్నాయా: బ్లూ నేటివ్ జెల్

థైలకాయిడ్‌ను 1 శాతం బీటా-డోడెసిల్ మాల్టోసైడ్‌లో మంచు మీద కొద్ది నిమిషాలు కరిగించి, 18,000 జీ దగ్గర 20 నిమిషాలు స్పిన్ చేసి, కరగనిది తీసేయండి. కూమాసీ జీ-250 కలిపి గ్రేడియంట్ జెల్‌లో 4 డిగ్రీల్లో నడపండి. ఈ జెల్‌లో కాంప్లెక్సులు విడిపోకుండా మొత్తంగానే నడుస్తాయి. డిటర్జెంట్ ఎక్కువైతే సూపర్ కాంప్లెక్సులు (కాంతిగ్రాహక ప్రొటీన్లతో కలిసిన పెద్ద గుంపులు) విడిపోతాయి. తక్కువైతే పెద్దవి కరగక పెల్లెట్‌లో ఉండిపోతాయి. పీఎస్‌బీ-డబ్ల్యూ లేని మొక్కల్లో మొదట కదిలేవి ఈ సూపర్ కాంప్లెక్సులే. కాబట్టి అలాంటి ప్రశ్న ఉంటే రెండు మూడు డిటర్జెంట్ మోతాదుల్లో చేసి, డిజిటోనిన్‌తో కూడా ఒకసారి సరిచూడండి.

బ్యాండ్ల గుర్తింపులో తొందరపడొద్దు. ఫొటోసిస్టమ్-1, ఫొటోసిస్టమ్-2 డైమర్ (జంట) దాదాపు ఒకేచోట నడుస్తాయి. ఫొటోసిస్టమ్-2 మోనోమర్ (ఒంటిది), సైటోక్రోమ్ బీ6ఎఫ్ డైమర్ కూడా అంతే. ఆ వరుసను కోసి, రెండో దిశలో ఎస్‌డీఎస్ జెల్ మీద నడిపితేనే ఏది ఎవరిదో తెలుస్తుంది. చిన్న సబ్‌యూనిట్ యాంటీబాడీ ఉంటే ఆ రెండో దిశ జెల్‌ను బ్లాట్ చేయండి. వైల్డ్ టైప్‌లో అది కాంప్లెక్స్ కిందే కనబడితే సబ్‌యూనిట్. కూడుకుంటున్న మధ్యదశ ముక్కల కిందే కనబడి, పూర్తయిన కాంప్లెక్స్ కింద కనబడకపోతే సహాయకుడు. ఒకటో మెట్టులో ఉంచుకోమన్న అనుమానం ఇక్కడ తీరుతుంది.

## 8. మూడింటిలో ఏది

ఇప్పటిదాకా చేసినవన్నీ "ఎంత ఉంది" అనే చెబుతాయి, "ఎందుకు తగ్గింది" అని చెప్పవు. దానికి ఇంకో రెండు ప్రయోగాలు.

తయారీ చూడటానికి: లేత ఆకుకు సల్ఫర్-35 మెథియోనిన్ ఇచ్చి, కొత్తగా పుట్టిన ప్రొటీన్లు ఏ కాంప్లెక్స్ దాకా చేరుతున్నాయో బ్లూ నేటివ్ జెల్ మీద చూడండి. సైటోసాల్‌లో అనువాదాన్ని సైక్లోహెక్సిమైడ్‌తో ఆపితే హరితరేణువు ప్రొటీన్లు మాత్రమే వెలుగుతాయి. రేడియోధార్మిక పదార్థం కాబట్టి అనుమతి, శిక్షణ ఉన్నవాళ్లే చేయాలి.

నిలకడ చూడటానికి: ఆకును లింకోమైసిన్‌లో పెట్టి హరితరేణువు అనువాదం ఆపేసి, గంట గంటకీ కాంప్లెక్స్ ఎంత మిగిలిందో కొలవండి. ఎక్కువ కాంతిలో ఒకసారి, తక్కువ కాంతిలో ఒకసారి.

ఫలితాన్ని ఇలా చదవండి:

- కొత్త ప్రొటీన్లు పుడుతున్నా పూర్తి కాంప్లెక్స్ దాకా చేరకపోతే: కూడుకోవడంలో లోపం
- కొత్తవి చేరుతున్నా, లింకోమైసిన్‌లో వైల్డ్ టైప్ కన్నా వేగంగా మాయమైతే: నిలకడ లోపం
- కాంప్లెక్స్ మొత్తం వైల్డ్ టైప్‌తో సమానంగా ఉండి, నాలుగో మెట్టు కొలతలు మాత్రం తేడాగా ఉంటే: పనిలో లోపం
- లింకోమైసిన్ లేకుండా ఎక్కువ కాంతిలో దెబ్బతిని, తక్కువ కాంతిలో పెట్టాక ఆలస్యంగా కోలుకుంటే: మరమ్మతు లోపం, ఇది ఆ మూడింటికీ విడిగా చూడాల్సింది, దీన్ని నిలకడతో కలపకండి

మూడోది తేల్చాలంటే ఒక్కో కాంప్లెక్స్‌కు ఎంత పని అన్న లెక్క కావాలి. ఎలక్ట్రాన్ ప్రవాహం సగానికి పడిపోయి, సైటోక్రోమ్ కాంప్లెక్స్ కూడా సగానికే ఉంటే పనిలో లోపమేమీ లేదు, మిగిలినవి మామూలుగానే చేస్తున్నాయి. ఈ భాగహారం చేయకుండా "ఎలక్ట్రాన్ రవాణాను నియంత్రిస్తుంది" అని రాసినవే నేను వెనక్కి పంపేవాటిలో ఎక్కువ.

## 9. తరచూ వచ్చే ఇబ్బందులు

అన్ని కాంప్లెక్సులూ తగ్గాయి. సబ్‌యూనిట్ పని కాకపోవచ్చు. మొక్క కాంతికి మాడి ఉండొచ్చు. తక్కువ కాంతిలో మళ్లీ పెంచి, మొదట ఏది తగ్గుతోందో చూడండి. మొదట తగ్గేదే అసలుది.

బ్యాండ్ ఊహించిన చోట లేదు. నీళ్లంటే గిట్టని ప్రొటీన్లు ఎస్‌డీఎస్‌ను ఎక్కువగా పట్టుకుని వేగంగా పరిగెడతాయి. ఫొటోసిస్టమ్-2లోని డీ1 ప్రొటీన్ 38 కిలోడాల్టన్లది అయ్యుండి 32 దగ్గర కనబడుతుంది. మార్కర్‌తో కాకుండా మ్యుటెంట్‌తో పోల్చి గుర్తించండి.

లైనుకో ఫలితం. రెండో మెట్టుకు వెళ్లండి. తొంభై శాతం సార్లు పాత ప్రతులు మిగిలి ఉండటమే కారణం (ఈ తొంభై నా అనుభవపు అంచనా, కొలత కాదు).

తేడాయే లేదు. ముదురాకు, చలి, మారుతూ ఉండే కాంతి ప్రయత్నించారా? హాయిగా ఉన్న మొక్కకు అతుకులు ఊడినా తెలియదు.

## 10. తిరిగి పెట్టి చూడటం, ఆపైన రాయడం

తీసిన జన్యువును తిరిగి పెట్టండి. కేంద్రక జన్యువైతే సొంత ప్రమోటర్‌తో. ట్యాగ్ (గుర్తు పట్టడానికి అతికించే ముక్క) తగిలించాలనిపిస్తే ఒక్కసారి ఆలోచించండి: 29 అమైనో ఆమ్లాల ప్రొటీన్‌కు 27 కిలోడాల్టన్ల జీఎఫ్‌పీ (పచ్చగా వెలిగే ప్రొటీన్) కట్టడమంటే పిచ్చుకకు బండరాయి కట్టడమే. చిన్న ఎపిటోప్ ట్యాగ్ కూడా అతుకు దగ్గర అడ్డుపడొచ్చు. ట్యాగ్ లేని లైను ఒకటి తప్పనిసరి. తిరిగి పెట్టాక పచ్చదనం వచ్చి, 4వ మెట్టు కొలతలు సగమే కోలుకుంటే, ప్రొటీన్ మోతాదు చూడండి, దాని వెంట కాంప్లెక్స్ మోతాదు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతోందా అని చూడండి.

ఇక ఫలితం. "కిరణజన్య సంయోగక్రియకు అవసరం" అని కాకుండా ఇలా రాయండి: "ఈ సబ్‌యూనిట్ లేనప్పుడు సైటోక్రోమ్ కాంప్లెక్స్ మామూలుగానే కూడుకుంటుంది. విచ్చుకుని ఇన్ని రోజులైన ఆకుల్లో, ఇంత కాంతిలో, వైల్డ్ టైప్ కన్నా వేగంగా తరుగుతుంది. మిగిలిన ఒక్కో కాంప్లెక్స్ చేసే పనిలో తేడా లేదు." ఆకు వయసు, కాంతి ఆ వాక్యంలోనే ఉండాలి. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో పెడితే తర్వాత చదివేవాళ్లు లేత ఆకు తీసుకుని, మీ ఫలితం రాలేదని మీకే ఉత్తరం రాస్తారు.